అన్న గిటారు, తమ్ముడి మాండొలిన్: బ్లూగ్రాస్ సంగీత సాధన

మాండొలిన్ అనగానే తెలుగువారికి పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. ఇటలీలోని నేపుల్స్ నగరంలో రూపు దిద్దుకొన్న ఆ చిన్న వాద్యం మీద ఆయన కర్ణాటక సంగీతాన్ని పలికించి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. అదే వాద్యం మరొక ఖండంలో మరొక దారి పట్టింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు పల్లెలలో గిటారుకు జతగా చేరి, ‘బ్లూగ్రాస్’ అనే సంగీత సంప్రదాయానికి వెన్నెముకగా నిలిచింది.

ఈ సంగీతాన్ని నేర్చుకోదలచిన వారు మొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. ఇందులో తొలి పాఠం పాట వాయించడం కాదు. మరొకరు పాడుతుండగా, వాయిస్తుండగా తాళం చెడకుండా తోడు నిలవడం. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో విద్యార్థులు ఏళ్ళ తరబడి ఒంటరిగా సాధన చేసి, నలుగురిలో కూర్చున్న నాడు వాయించలేక వెనుదిరుగుతారు.

పుట్టుక

బ్లూగ్రాస్ సంగీతానికి పితామహుడుగా పేరు పొందిన బిల్ మన్రో 1911లో కెంటకీ రాష్ట్రంలోని రోజిన్ అనే పల్లె సమీపంలో జన్మించారు. ఎనిమిది మంది సంతానంలో ఆయనే చివరివాడు. ఇంట్లో ఫిడేలును ఒక అన్న, గిటారును మరొక అన్న తీసుకోగా, చిన్నవాడికి మిగిలినది మాండొలిన్ మాత్రమే. దాని చప్పుడు మరీ ఎక్కువ కాకుండా ఎనిమిది తీగలలో నాలుగు తీసివేయమని అన్నలు పట్టుబట్టారని చెబుతారు. ఎవరికీ వద్దనిపించిన వాద్యం ఆ విధంగా ఆయన చేతికి వచ్చింది.

పదేళ్ళ వయస్సులో తల్లి, పదహారేళ్ళ వయస్సులో తండ్రి మరణించారు. తరువాత కొంత కాలం ఆయన మేనమామ పెండిల్టన్ వాండివర్ వద్ద పెరిగారు. మేనమామ ఊరూరా నాట్య సభలలో ఫిడేలు వాయించేవారు. బాలుడైన బిల్ ఆయన వెంట వెళ్ళి గిటారుతో తాళం పట్టేవాడు. ఆ ప్రాంతంలోనే ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడు ఉండేవారు. గిటారు, ఫిడేలు రెండింటిలోనూ దిట్ట. ఆయన వాద్యంలోని బ్లూస్ ఛాయలు బిల్ చెవిలో నిలిచిపోయాయి. అంటే మాండొలిన్‌తో పేరు పొందిన ఆ కళాకారుడు పెద్దల సన్నిధిలో నేర్చిన తొలి విద్య తోడు వాయించడమే.

1929లో ఆయన అన్నల వలెనే ఇండియానా రాష్ట్రానికి వలస వెళ్ళి చమురు శుద్ధి కర్మాగారంలో పని చేశారు. ఆ తరువాత గిటారు వాయించే అన్న చార్లీతో కలిసి ‘మన్రో బ్రదర్స్’ పేరిట రేడియోలలో పాడుతూ, 1936లో గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. ఒక గిటారు, ఒక మాండొలిన్, రెండు గొంతులు: అంతే వారి బృందం. 1938లో అన్నదమ్ములు విడిపోయారు. బిల్ తన సొంత బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టారు. కెంటకీకి బ్లూగ్రాస్ రాష్ట్రమన్న పేరు ఉంది. అక్కడి పచ్చిక జాతి పేరు మీద వచ్చినది అది. 1939లో నాష్‌విల్ నగరపు ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ రేడియో కార్యక్రమంలో ఆ బృందానికి స్థానం లభించింది. 1945లో గిటారుతో లెస్టర్ ఫ్లాట్, మూడు వేళ్ళ బాంజో వాదనతో ఎర్ల్ స్క్రగ్స్ చేరిన తరువాత ఆ సంగీతం నేడు మనం వినే రూపాన్ని పొందింది. క్రమంగా బృందం పేరే సంగీతం పేరయింది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. మన పల్లెలలో మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ వాద్యాన్ని కూడా బాంజో అని పిలుస్తారు. బ్లూగ్రాస్ బాంజో అది కాదు. డప్పు వలె చర్మం బిగించిన గుండ్రని చట్రానికి పొడవైన మెడ, ఐదు తీగలు గల వాద్యమది. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన వారి ద్వారా అమెరికాకు చేరింది. ఫిడేలు పాటలు స్కాట్లాండ్, ఐర్లండ్, ఇంగ్లండ్ నుండి వలస వచ్చిన వారివి. మాండొలిన్ ఇటలీది. వలస వచ్చిన వారందరి సొత్తూ కలిసిన సంగీతమిది.

రెండు వాద్యాల నిర్మాణం

మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలు. ప్రతి జతలోని రెండు తీగలూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. మంద్రం నుండి తారానికి వాటి పాశ్చాత్య నామాలు జి, డి, ఏ, ఇ. ఫిడేలు తీగల క్రమమూ ఇదే. సరిగమలు తెలిసిన వారికి దీనిని సులభంగా చెప్పవచ్చును: ఒక జతను షడ్జమం అనుకొంటే, దాని పై జత పంచమం పలుకుతుంది. నాలుగు జతల మధ్య దూరం అంతటా ఒకటే కనుక, ఒక చోట నేర్చిన వేళ్ళ అమరిక మరొక చోట కూడా పనికి వస్తుంది.

గిటారుకు ఆరు విడి తీగలు: ఇ, ఏ, డి, జి, బి, ఇ. ఒక తీగను షడ్జమం అనుకొంటే పై తీగ శుద్ధ మధ్యమం. జి, బి తీగల నడుమ మాత్రం ఆ దూరం అంతర గాంధారానికి తగ్గుతుంది. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకొనకపోతే వేళ్ళు తడబడతాయి.

రెండింటినీ పిక్ అనే చిన్న బిళ్ళతో మీటుతారు. బ్లూగ్రాస్‌కు ఉక్కు తీగల గిటారు కావలెను. నైలాన్ తీగల గిటారు నాదం ఈ సంగీతానికి సరిపోదు. దానికి ఉక్కు తీగలు బిగిస్తే ఆ బిగువుకు వాద్యమే పాడవుతుంది. మాండొలిన్‌లో నీటిబొట్టు ఆకారం గలది ఏ నమూనా, మెడ పక్కన చెక్క చుట్ట గలది ఎఫ్ నమూనా. బిల్ మన్రో వాయించినది 1923లో గిబ్సన్ సంస్థ తయారు చేసిన ఎఫ్-5. ఆ చుట్ట అందానికే గాని నేర్చుకొనే వారికి దాని అవసరం లేదు. ఏ నమూనా తక్కువ ధరకు లభిస్తుంది, పాఠాలన్నీ దాని మీదే సాగుతాయి.

తాళాన్ని పంచుకోవడం

సంప్రదాయ బ్లూగ్రాస్ బృందంలో మద్దెల గాని డ్రమ్ములు గాని ఉండవు. గిటారు, మాండొలిన్, బాంజో, ఫిడేలు, నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ ఉంటాయి. మరి తాళం ఎవరు వేస్తారు? అందరూ పంచుకొంటారు. ఈ సంగీతపు కీలకం ఇక్కడే ఉంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కిస్తే, ఒకటి, మూడు దెబ్బల మీద డబుల్ బేస్, గిటారు మంద్ర తీగ పలుకుతాయి. రెండు, నాలుగు దెబ్బల మీద మాండొలిన్ ‘చక్’ మని తెగిన శబ్దం చేస్తుంది. దీనిని ‘చాప్’ అంటారు. చెక్కభజనలో చెక్కలు పలికినట్లు పొడిగా, సూటిగా వినిపిస్తుంది. గిటారు నేలను చూపితే మాండొలిన్ అడుగు వేయిస్తుంది. మాండొలిన్ ఒక్క క్షణం ముందు పడితే పాట పరుగెడుతుంది. వెనుకబడితే ఈడ్చుకొని పోతుంది. అందుచేత మాండొలిన్ వాయించేవాడి చెవి తన తీగల మీద కాక, గిటారు మంద్ర తీగ మీద ఉండవలెను.

గిటారుపై తొలి పాఠాలు

బ్లూగ్రాస్‌లో ఎక్కువ పాటలకు మూడు కార్డ్‌లు చాలు. కార్డ్ అంటే కలిసి పలికే స్వరాల గుచ్ఛం. జి స్వరాన్ని షడ్జమంగా తీసుకొంటే, జి కార్డ్‌లో స-గ-ప, సి కార్డ్‌లో మ-ద-స, డి కార్డ్‌లో ప-ని-రి ఉంటాయి. ఇవన్నీ శంకరాభరణ స్వరాలే. అయితే గమకాలు మన పద్ధతిలో లేవు కనుక వాటిని రాగంగా భావించరాదు. కొన్ని పాత ఫిడేలు పాటలలో నిషాదం తగ్గి హరికాంభోజి స్వరాలు వినిపిస్తాయి. బ్లూస్ ప్రభావం గల పాటలలో గాంధారం కూడా తగ్గుతుంది.

కుడి చేతి పద్ధతి ఇది. మొదటి దెబ్బకు మంద్ర తీగ ఒక్కటే మీటాలి. రెండవ దెబ్బకు పై తీగలన్నింటినీ ఒక్క విసురులో మీటాలి. మూడవ దెబ్బకు మరొక మంద్ర తీగ, నాలుగవ దెబ్బకు మరల పై తీగలు. జి కార్డ్‌లో ఆరవ తీగ మూడవ మెట్టు, ఆ తరువాత నాలుగవ తీగను ఏమీ నొక్కకుండా. డి కార్డ్‌లో మొదట నాలుగవ తీగ, తరువాత ఐదవ తీగ, రెండూ నొక్కకుండానే. తొలి రెండు వారాలు ఈ రెండు కార్డ్‌ల నడుమ ఆగకుండా మారడమే సాధన. తాళాన్ని ఆపి వేళ్ళు సర్దుకోవడం కంటే, వేళ్ళు తప్పినా తాళం నిలపడం మేలు.

పాడేవారి గొంతుకు జి శ్రుతి సరిపోకపోతే కేపో అనే బిగింపును మెడకు తగిలిస్తారు. రెండవ మెట్టున బిగిస్తే జి ఆకారాలే ఏ శ్రుతిలో, నాలుగవ మెట్టున బిగిస్తే బి శ్రుతిలో పలుకుతాయి. వేళ్ళ అమరిక మారనవసరం లేదు.

గిటారు మీద ఫిడేలు పాటలను స్వరం స్వరంగా వాయించే విద్యకు ఆద్యులలో ప్రముఖుడు డాక్ వాట్సన్. 1923లో ఉత్తర కరోలినాలో జన్మించిన ఆయనకు పసితనంలోనే చూపు పోయింది. 1950లలో ఆయన ఉన్న నాట్య బృందంలో ఫిడేలు వాయించేవారు లేకపోవడంతో, ఆ పాటలను గిటారు మీదే వాయించవలసి వచ్చింది. లేని మనిషి స్థానాన్ని నింపబోయి ఆయన కొత్త దారి వేశారు.

మాండొలిన్‌పై తొలి పాఠాలు

మొదట రెండు వేళ్ళతో నొక్కే కార్డ్‌లు నేర్చుకోవాలి. జి కార్డ్‌కు ఏ జతపై రెండవ మెట్టు, ఇ జతపై మూడవ మెట్టు. మిగిలినవి నొక్కనవసరం లేదు. సి కార్డ్‌కు డి జతపై రెండవ మెట్టు, ఏ జతపై మూడవ మెట్టు. డి కార్డ్‌కు జి జతపై రెండవ మెట్టు, ఇ జతపై రెండవ మెట్టు.

చాప్ వాయించడానికి మాత్రం నాలుగు జతలనూ నొక్కే కార్డ్ అవసరం. బిల్ మన్రో వాడిన జి ఆకారంలో జి జత ఏడవ మెట్టు, డి జత ఐదవ మెట్టు, ఏ జత రెండవ మెట్టు, ఇ జత మూడవ మెట్టు. చిన్న చేతులకు ఇది చాలా సాగదీత. అందుచేత తొలి నెలలలో పై తీగను విడిచి, మూడు జతలతో వాయించడంలో తప్పు లేదు. మీటిన మరుక్షణం ఎడమ చేతి వేళ్ళను తీగల మీద నుండి ఎత్తకుండా సడలించాలి. నాదం అక్కడే ఆగిపోతుంది. ఏదైనా జత నొక్కకుండా ఉంటే అది మ్రోగుతూ చాప్‌ను పాడుచేస్తుంది. ఈ ఆకారాన్ని రెండు మెట్లు పైకి జరిపితే ఏ కార్డ్ వస్తుంది.

పాట వాయించేటప్పుడు పిక్ దిశ ముఖ్యం. ‘త-క-ధి-మి’ అని పలికితే త, ధి అక్షరాలకు పిక్ కిందికి, క, మి అక్షరాలకు పైకి కదలాలి. ఒక అక్షరం వద్ద స్వరం లేకపోయినా చేయి గాలిలో ఊగుతూనే ఉండాలి. చేయి ఆగితే తాళం పోతుంది. గిటారుకు కూడా ఇదే నియమం. నిదానమైన పాటలలో దీర్ఘ స్వరాన్ని నిలపడానికి పిక్‌ను పైకి కిందికి వేగంగా ఆడిస్తారు. దానిని ట్రెమొలో అంటారు.

చెవి ముందు, కాగితం తరువాత

ఏ తీగపై ఏ మెట్టు నొక్కాలో అంకెలతో చూపే లిపిని టాబ్లేచర్ అంటారు. అది ఉపయోగకరమే. అయితే దానిని మాత్రమే చూసి నేర్చిన పాట చేతికి వస్తుంది గాని చెవికి రాదు. ముందుగా పాటను పలుమార్లు విని, నోటితో పాడి, ఆ తరువాత తీగల మీద వెదకాలి. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. శ్రీనివాస్ గురువైన రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాద్యకారులు కారు. ఆయన పాడి వినిపించగా, శిష్యుడు ఆ పాటను తీగల మీద పలికించేవారు. ఎనిమిది జంట తీగల మీద గమకం సాగదు కనుక ఐదు విడి తీగల విద్యుత్ మాండొలిన్‌ను శ్రీనివాస్ వాడారు. 2014లో మరణించే నాటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు.

ఫిడేలు పాటలలో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. ఒక్కొక్కటి ఎనిమిది ఆవర్తాలు, ఒక్కొక్కటి రెండు సార్లు, మొత్తం 32. మొదటి భాగాన్ని తప్పు లేకుండా వాయించిన తరువాతే రెండవదానికి వెళ్ళాలి. శ్రుతి మారకుండా రికార్డు వేగాన్ని తగ్గించే సాధనాలు నేడు సెల్‌ఫోనులోనే ఉన్నాయి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల వద్ద పెట్టి మొదలుపెట్టి, మూడు సార్లు తప్పు లేకుండా వచ్చిన తరువాత నాలుగైదు దెబ్బలు పెంచవచ్చును.

వలయంలో కూర్చోవడం

బ్లూగ్రాస్ వారు గుండ్రంగా కూర్చొని లేదా నిలబడి వాయించడాన్ని జామ్ అంటారు. 1965లో వర్జీనియాలోని ఫిన్‌కాసిల్ వద్ద పలు రోజుల బ్లూగ్రాస్ ఉత్సవం జరిగింది. అటువంటి ఉత్సవాలు పెరిగిన కొద్దీ వేదిక మీదనే కాక వాహనాలు నిలిపే చోట కూడా అపరిచితులు కలిసి వాయించడం ఆనవాయితీ అయింది. అక్కడి నియమాలు కొన్ని:

పాట ఎత్తుకొనేవారు శ్రుతి ముందుగా చెబుతారు. ఎవరైనా పాడుతుంటే మిగిలిన వారు చప్పుడు తగ్గిస్తారు. పాడేవారి మాట వినిపించకపోతే తప్పు వాయించేవాడిదే. చరణాల నడుమ ఒక్కొక్కరికి ఒక్కొక్క వంతు వస్తుంది. వంతు వద్దనుకొంటే తల ఊపి పక్కవారికి ఇవ్వవచ్చును. అది చిన్నతనం కాదు. మాండొలిన్ తన వంతు వాయించేటప్పుడు చాప్ ఆగిపోతుంది. ఆ లోటును గిటారో బాంజోయో నింపాలి. ముగింపు దగ్గరపడినదని తెలుపడానికి పాట ఎత్తుకొన్నవారు కాలు ఎత్తుతారు.

గిటారుపై రెండు కార్డ్‌లు, మాండొలిన్‌పై చాప్ వచ్చిన వారు ఈ వలయంలో కూర్చోవడానికి అర్హులే. వంద పాటలు వచ్చి తాళం నిలపలేనివారు అర్హులు కారు.

ఇంటివద్ద సాధన

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఇద్దరికీ ఒకే వాద్యం కొనడం కంటే ఒకరికి గిటారు, ఒకరికి మాండొలిన్ ఇవ్వడం మేలు. ఒకే వాద్యం ఉంటే రెండవవారు రెండు, నాలుగు దెబ్బల మీద చప్పట్లు వేయవచ్చును. సాధనకు నాలుగు దెబ్బల నడకలో, శంకరాభరణ స్వరాలలో సాగే తెలిసిన పాట ఏదైనా సరే. అది ఇంటి భాషలోనిదైనా, బడి భాషలోనిదైనా తీగలకు తేడా లేదు.

తొలి రోజులలో వేళ్ళ కొనలు నొప్పి పుడతాయి. కాయలు కాసిన తరువాత తగ్గుతుంది. ఒకేసారి గంట సేపు కాక, పూటకు పదిహేను నిమిషాల చొప్పున రెండు పూటలు వాయించడం మంచిది. మణికట్టు నొప్పి పుడితే మాత్రం వెంటనే ఆపాలి. వాద్యం కొనే ముందు తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడాలి. ఎత్తుగా ఉంటే పిల్లలు నొక్కలేక వారం రోజులలో మానివేస్తారు; ఆ దోషం వాద్యానిదే గాని పిల్లలది కాదు. మాండొలిన్ గుర్రాన్ని జిగురుతో అతికించరు, తీగల బిగువే దానిని నిలుపుతుంది. కనుక తీగలు మార్చేటప్పుడు అన్నింటినీ ఒక్కసారి విప్పక, జత తరువాత జత మార్చాలి. ఎండలో గాని, మూసిన వాహనంలో గాని వాద్యాన్ని ఉంచరాదు.

ఒంటరిగా తెర ముందు కూర్చొని నేర్చుకొనే సౌకర్యం నేడు పెరిగింది. అది మంచి ఆరంభమే. కాని ఆ తెర ఎదుటివాడు తప్పితే ఆగదు, అలసిపోతే నిదానించదు, వంతు ఇవ్వదు. అవి మనిషి వద్దనే నేర్చుకోవాలి. అన్నతో విడిపోయిన బిల్ మన్రో బ్లూ గ్రాస్ బాయ్స్‌ను కట్టినప్పుడు, మొదట చేర్చుకొన్నది క్లియో డేవిస్ అనే గిటారు వాద్యకారుడిని. మాండొలిన్‌లో అంతటి ప్రజ్ఞ ఉన్నవాడికి సైతం ఒకటవ దెబ్బ వేసే మనిషి పక్కన ఉంటే గాని రెండవ దెబ్బ వేయడం కుదరలేదు.